చూరు నీళ్ళు

రోహిణి కార్తె సగానికొచ్చిందంటే మా అమ్మమ్మకి నిద్ర పట్టేది కాదు. ఎండకి కాదు, ఎండ ఆవిడ లెక్కలోనే లేదు. ఇంటి వెనక చింతచెట్టూ, దాని వెనక అడవీ కలిసి యేడాది పొడుగునా మా పెంకుటింటి మీద పోసిన చెత్త ఇంకా కప్పు మీదే వుందని ఆవిడ బెంగ. "మిరుగం వచ్చి నెత్తిన కూర్చున్నాక నిచ్చెన వెతుకుతారా?" అని తాతయ్యని తెల్లారకుండానే లేపేది. తాతయ్య మారుమాట్లాడకుండా లేచి, కప్పు ఎక్కే మనిషి కోసం ఊళ్ళోకి బయల్దేరేవాడు.

అమ్మమ్మగారి ఊరు గోదావరికి ఇవతలి ఒడ్డున, బూర్గంపాడు వైపు. అవతలి ఒడ్డున భద్రాచలం. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు గానీ, ఆ రెండు ఒడ్లూ దాదాపు వందేళ్ళు రెండు వేరు వేరు ప్రభుత్వాల కింద వున్నాయి. ఇవతల నైజాం, అవతల 1860 నుంచి ఇంగ్లీషువాళ్ళు. భద్రాచలం తాలూకా 1874లో మద్రాసు రాజధానిలోకి పోయి, చివరికి 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. ప్రభుత్వాలు రెండైనా వాన ఒక్కటే గనక, రెండు ఒడ్లా ఇళ్ళ చూర్లు మాత్రం ఒకే తీరున కిందికి వంగి వుండేవి.

చూరు అంటే మనకి చిన్నచూపు. "చూరు పట్టుకు వేళ్ళాడుతున్నాడు" అంటాం, పని లేకుండా ఒకళ్ళింట్లో పడివున్నవాణ్ణి. కానీ మట్టిగోడల ఇంటికి ప్రాణం చూరులోనే వుంది. మట్టిగోడ చావు రెండు చోట్ల మొదలవుతుంది. ఒకటి తలకాయ దగ్గర, కప్పు కారితే. రెండోది కాళ్ళ దగ్గర, చూరు నీళ్ళు నేల మీద పడి ఎగిరి గోడ అడుగుని రోజూ కొంచెం కొంచెం నాకేస్తే. అందుకే అడవిలో కోయగూడేల ఇళ్ళకి కప్పు అంత కిందిదాకా దిగి, మనిషి వంగి లోపలికి పోవలసి వస్తుంది. గడ్డికప్పుకి కాలవ అక్కర్లేదు. నీళ్ళు అంచు పొడుగునా సన్నగా రాలతాయి, గోడకి దూరంగా రాలతాయి. దానికి కావలసిందల్లా వానలకి ముందు కొత్త గడ్డి.

గూన పెంకు వచ్చాక కథ మారింది. కుమ్మరి సారె మీద గొట్టంలా చేసి, పచ్చిగా వుండగానే నిలువునా రెండు చేసి కాల్చిన పెంకు అది. కప్పు మీద ఒక వరస వెల్లకిలా పడుకోబెడతారు, దాని అంచుల మీద ఇంకో వరస బోర్లా. వెల్లకిలా పడుకున్నది కాలవ, బోర్లా పడుకున్నది మూత. అంటే మా అమ్మమ్మ ఇంటి కప్పు మొత్తం వందలకొద్దీ చిన్న చిన్న కాలవలే! ఏ ఒక్కదాంట్లో గుప్పెడు చింతాకు ఇరుక్కున్నా నీళ్ళు పక్కకి పొంగి, వాసం మీదుగా జారి, సరిగ్గా బియ్యం గాదె మీదే పడేవి. అదేమిటో, కారే చోటు ఎప్పుడూ గాదె మీదో, పెట్టె మీదో, పడుకున్న అల్లుడుగారి మీదో గానీ ఖాళీ నేల మీద వుండేది కాదు.

అందుకే యేటేటా పెంకు తిరగవేయించడం. ఒక మనిషి పైకెక్కి వరసవరసగా పెంకులు తీసి, దులిపి, పగిలినవి కింద పడేసి, మళ్ళీ సర్దుకుంటూ పోతాడు. కింద ఆడవాళ్ళం మంచాలూ, కుండలూ, పచ్చడి జాడీలూ బయటపెట్టుకుని, తలకి గుడ్డ కట్టుకుని, మీద పడే మసీ, ఎలక గూళ్ళూ, అప్పుడప్పుడూ తేళ్ళూ ఊడ్చుకుంటూ నిలబడాలి. పైన పని మగవాళ్ళది, ఒక రోజు. కింద పని మనది, నాలుగు రోజులు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

పెంకుల్లోంచి వచ్చిన నీళ్ళని గోడ కాళ్ళ మీద పడకుండా పక్కకి తీసుకుపోయేది దోనె. మా ఇంటిది తాటిదోనె. ముదురు తాటిమాను నిలువునా చీల్చి, లోపలి మెత్తని బెండు తొలిచేస్తే మిగిలే గట్టి డొల్ల. పశువుల కొట్టంవైపు చూరు కింద దాన్ని వెదురు కొక్కేలకి వేలాడదీసి, ఒక కొస కొంచెం వాల్చేవాళ్ళు. ఆ వాలు సరిగ్గా వుందో లేదో చూడడానికి అమ్మమ్మ దగ్గర పనిముట్టు ఒక్కటే, ఇత్తడి చెంబు. ఎత్తు కొసన చెంబుడు నీళ్ళు పోస్తుంది. అవి ఎక్కడా ఆగకుండా రెండో కొసనుంచి గంగాళంలో పడితే సరే. నడుమ చెమ్చాడు నీళ్ళు నిలిచినా తాతయ్య మళ్ళీ నిచ్చెన ఎక్కాల్సిందే.

తొలకరి వాన నీళ్ళు గంగాళంలో పట్టేది కాదు. అవి కప్పు కడిగిన నీళ్ళు, మొక్కలకి. మూడో వానో, నాలుగో వానో పడ్డాక పట్టిన నీళ్ళతోనే కందిపప్పు వండేది. బావి నీళ్ళతో గంటసేపు ఉడికినా బిరుసుగా వుండే పప్పు వాన నీళ్ళలో ఇట్టే మెత్తబడేది. నీళ్ళలో సున్నం తక్కువైతే పప్పు తొందరగా ఉడుకుతుందని నాకు కాలేజీలో చెప్పారు. అమ్మమ్మకి చెబితే, "అది చెప్పడానికి అంత జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నారా?" అంది.

ఇక తగాదాలు. మా చూరుకీ పక్కింటి చూరుకీ మధ్య ఒక సందు. రెండిళ్ళ నీళ్ళూ అందులోనే పడాలి. పక్కింటి అత్తయ్య వాళ్ళ చూరు నీళ్ళు మా గోడ మీద చిమ్ముతున్నాయని అమ్మమ్మ, మా దోనె కొస వాళ్ళ పెరట్లోకి చూస్తోందని అత్తయ్య. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా మాటల్లేవు, వినాయక చవితికి మళ్ళీ ఉండ్రాళ్ళు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. ఇదేదో పల్లెటూరి ఆడవాళ్ళ గొడవ అనుకోకండి. కౌటిల్యుడంతటివాడు దీనికోసం కలం పట్టాడు. 1905లో మైసూరులో శామశాస్త్రిగారి చేతికి అర్థశాస్త్రం తాటాకుల ప్రతి దొరికి, 1909లో అచ్చయింది. అందులో ఇంటికీ ఇంటికీ మధ్య మూడు నాలుగు పాదాల ఎడం వుండాలనీ, రెండు కప్పుల అంచుల మధ్య నాలుగు వేళ్ళ సందు వుండాలనీ, లేకపోతే ఒకటి ఇంకోదాని మీదికి రావాలనీ వుంది. పక్కవాడి గోడకి చేటు చేసేలా నీళ్ళు వదిలితే జరిమానా. రోమను చట్టంలోనూ అంతే, నా చూరు నీళ్ళు నీ నేల మీద పడడానికి నాకు హక్కు వుందా లేదా అన్నది అక్కడ ఒక ప్రత్యేకమైన వ్యవహారం. వాళ్ళ ఇళ్ళూ మన మండువా లోగిళ్ళలాంటివే. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపే నగరాన్ని తవ్వితే, నాలుగువైపులా కప్పులు లోపలికి వాలి నడిమి తొట్టిలోకి నీళ్ళు వదిలే ఇళ్ళు బయటపడ్డాయి. ఇంగ్లీషువాళ్ళ సంగతి మరీ తమాషా. చాటుగా నిలబడి ఇతరుల మాటలు వినడాన్ని వాళ్ళు ‘ఈవ్స్‌డ్రాపింగ్’ అంటారు. ఆ మాటకి అసలు అర్థం చూరు నీళ్ళు పడే చోటు. అక్కడ నిలబడితే లోపలి మాటలు వినబడతాయి కదా! మా సందులోనూ వినబడేవి. అత్తయ్య మమ్మల్ని ఏమంటోందో మాకు అక్షరం పొల్లుపోకుండా తెలిసేది.

మా ప్రాంతం వాళ్ళకి చూరు మీద గౌరవం ఎంతటిదో చూడాలంటే ములుగు దగ్గర పాలంపేట వెళ్ళాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి చుట్టూ ముందుకు చాచిన బరువైన రాతి చూరు వుంది. చూసినవాళ్ళందరూ దాని కింద నిలబడ్డ నల్లరాతి మదనికల సొగసే చెబుతారు. ఎనిమిది వందల యేళ్ళు వాన నేరుగా నెత్తిన పడకుండా వాళ్ళకి గొడుగు పట్టిన ఆ రాతి పలకని పొగిడినవాళ్ళు నాకు తగల్లేదు.

తర్వాత తర్వాత సరుకులు మారాయి. 1865లో బాసెల్ మిషను వాళ్ళు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే ఆ పెంకులు మెల్లిగా మన ఊళ్ళకీ వచ్చాయి. యేటేటా తిరగవేయించే బాధ తగ్గింది, కానీ నునుపైన పెంకు మీద నీళ్ళు ఒక్క ఉరుకున అంచుకి వస్తాయి గనక చూరు పొడుగునా రేకు కాలవ తప్పనిసరి అయింది. తాటిదోనె పోయి జింకు పూసిన రేకు వచ్చింది. 1946లో హైదరాబాదులో పుట్టిన కంపెనీ వాళ్ళ చార్మినార్ మార్కు సిమెంటు రేకులు పశువుల కొట్టాలకీ వంటిళ్ళకీ ఎక్కాయి. రేకు కాలవలకి ఒక చెడ్డ గుణం వుంది. దాంట్లో నానిన ఆకు మాసాల తరబడి వుంటే అడుగు తుప్పు పట్టి తినేస్తుంది. కింద నుంచి చూస్తే రంగు నిగనిగలాడుతూనే వుంటుంది.

పైగా మా వైపు ఆకు రాలని నెల ఏది? సంక్రాంతికల్లా టేకు విస్తరాకంతటి ఆకులు రాలుస్తుంది. శివరాత్రి దాటగానే వేప. ఉగాది ముందు ఇప్ప. చింతకి వేళాపాళా లేదు. ఇవి చాలనట్టు అడవి తరిగిపోయిన కొద్దీ ఊళ్ళమీద పడ్డ కోతులు. పాల్వంచ చుట్టుపక్కల వాళ్ళకి ఇంకో బహుమానం కూడా వుండేది. 1966లో మొదలైన కొత్తగూడెం థర్మల్ స్టేషను పొగగొట్టాల బూడిద. ఆకైతే చేత్తో తీయవచ్చు. బూడిద తడిసి ఆరితే కాలవ అడుగున సిమెంటులా పట్టేస్తుంది, గరిటె పెట్టి గోకాలి. మా పిన్ని పాత అట్లకాడ ఒకటి దానికే కేటాయించింది. ఆ పాత స్టేషను కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో పేల్చి కూల్చేసినప్పుడు అందరూ ఫోన్లలో వీడియో చూసి అయ్యో అన్నారు. పిన్ని మాత్రం అట్లకాడ ఎక్కడుందో వెతుక్కుంది.

నేను కాపురానికొచ్చింది ఖమ్మంలో డాబా ఇంట్లోకి. పెంకు లేదు, చూరు లేదు, హాయి అనుకున్నాను. డాబాకి మూలన ఒక తూము, దానికొక గొట్టం. అది ఒకటుందన్న సంగతే పదేళ్ళు నాకు పట్టలేదు. ఒక శ్రావణ మాసం వ్రతం నాటి పొద్దున పూజగది పైకప్పు మీద పళ్ళెమంత చెమ్మ కనబడింది. మావారు మేస్త్రీని తిట్టారు, నేను సిమెంటుని తిట్టాను. పైకెళ్ళి చూస్తే డాబా చెరువు. తూములో వేపాకు, పిల్లల రబ్బరు బంతి, ఒక పావురం ఈక. తప్పు పూర్తిగా నాదే. అమ్మమ్మ మనవరాలినై వుండి చెంబుడు నీళ్ళు పోసి చూడలేదు.

చెమ్మ ఆరింది గానీ, తర్వాత తెలిసిన సంగతి ఇంకా భయపెట్టింది. డెంగ్యూ దోమకి మురుగు అక్కర్లేదు, వానకి మూసుకుపోయిన కాలవలో నిలిచిన తేట నీళ్ళు చాలు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు. నీళ్ళు ఎండిపోయినా గుడ్లు చావవు, గోడకి అంటుకుని నెలల తరబడి వుండి, మళ్ళీ తడి తగలగానే పగులుతాయి. అందువల్ల వేసవిలో ఎండిన కాలవని కూడా ఊడిస్తే చాలదు, కొబ్బరిపీచుతో తోమాలి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. అయిదేళ్ళ తర్వాత ఆయన రాసిన పుస్తకంలో, ఇళ్ళ చుట్టూ నిలిచిన నీళ్ళు తీసెయ్యడానికి ఊరూరా మనుషుల దళాలు పెట్టాలన్నాడు. ఆ దళాలు ఎక్కడెక్కడ ఏర్పడ్డాయో గానీ, మా ఇంటి దళంలో నేను ఒక్కదాన్నే. 2016లో మా జిల్లా బోనకల్లు మండలంలో డెంగ్యూ జ్వరాలు ముమ్మరంగా వచ్చినప్పటి నుంచీ ప్రతి శుక్రవారం తలంటుకి ముందు డాబా ఎక్కుతున్నాను.

ఒక్కో ఇంటి తూముకి జరిగేదే ఊరికీ జరుగుతుంది. భద్రాచలంలో గోదావరి పొంగకుండా కరకట్ట వేశారు. ఊళ్ళో వాన నీళ్ళు నదిలోకి పోవడానికి కట్టకి తూములు. నది ఎత్తుకి వచ్చినప్పుడు ఆ తూములు మూసెయ్యాలి, లేకపోతే గోదావరే వెనక్కి తోసుకొస్తుంది. మూస్తే ఊరి నీళ్ళు ఊళ్ళోనే. 2022 జులైలో నది 71 అడుగులు దాటినప్పుడు కట్టకి అవతల గోదావరి, ఇవతల ఊరి నీళ్ళు, మోటార్లు పెట్టి తోడారు.

అంతకన్నా పెద్ద వరద 1986 ఆగస్టుది, 75.6 అడుగులు. ఆ నీళ్ళలో అమ్మమ్మ ఇల్లు పోయింది. ఆ యేడు కూడా రోహిణిలో పెంకులు తిరగవేయించింది, దోనెకి కొత్త వెదురు కొక్కేలు కట్టించింది. మట్టిగోడలు నాలుగు రోజులు నానాక కూర్చున్నాయి. నీళ్ళు తీశాక మేం వెళ్ళేసరికి ఆవిడా, పక్కింటి అత్తయ్యా ఒకే చింతచెట్టు కింద ఒకే పొయ్యి మీద అన్నం వండుతున్నారు. తాటిదోనె చెట్టు కొమ్మల మధ్య ఇరుక్కుని వుంది. దాన్ని దింపించి, బురద కడిగించి, వాళ్ళ గేదెకి కుడితి తొట్టిగా పెట్టింది. పెట్టేముందు ఒక చెంబుడు నీళ్ళు పోసి ఎటు పారుతున్నాయో చూసింది.