వాహన ఇంజను మార్పిడి

వాహన ఇంజను మార్పిడి అంటే మోటారు వాహనంలో అరిగిపోయిన లేదా చెడిపోయిన ఇంజనును తొలగించి, దాని స్థానంలో మరొక ఇంజనును అమర్చడం. సరుకు రవాణా చేసే పికప్ వాహనాలలో ఈ అవసరం ఎక్కువగా కలుగుతుంది. వీటి చట్రం (ఛాసీ), తొట్టి ఇంకా గట్టిగా ఉండగానే ఇంజను ఆయుర్దాయం ముగిసిపోవడం ఇందుకు కారణం. ఇంజను దించి మరొకటి ఎక్కించడం అనుభవమున్న మెకానిక్కుకు కొద్ది రోజుల పని. అయితే రిజిస్ట్రేషను పత్రంలో కొత్త ఇంజను సంఖ్య నమోదయ్యే వరకు చట్టరీత్యా ఈ పని పూర్తయినట్లు కాదు.

నేపథ్యం

చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు ఒక మండల కేంద్రం. కర్నూలు నుండి చిత్తూరుకు వచ్చే జాతీయ రహదారి నుండి తిరుపతి, నాయుడుపేటల వైపు వెళ్ళే రహదారి ఇక్కడ చీలుతుంది. ఈ ప్రాంతంలో మామిడి, టమాటా, పాలు, బెల్లం ముఖ్యమైన సరుకులు. తోతాపురి (స్థానికంగా బెంగుళూరు) మామిడికాయలను చిత్తూరు పరిసరాలలోని గుజ్జు పరిశ్రమలకు, టమాటాలను మదనపల్లె వంటి మార్కెట్లకు చేరవేయడంలో పికప్‌లు, చిన్న లారీలు ముఖ్య సాధనాలు. ఒకే బండి మీద ఆధారపడి జీవించే యజమాని-డ్రైవర్లకు మామిడి కాపు రోజులలో ఇంజను ఆగిపోవడం ఆ ఏడాది సంపాదనలో పెద్ద భాగాన్ని కోల్పోవడమే. కొత్త బండికి అప్పు చేయడం కన్నా పాత బండికి వేరే ఇంజను వేయించుకోవడం మేలని చాలామంది భావించడానికి ఇదొక కారణం.

చరిత్ర

భారతదేశంలో మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పును ప్రారంభించింది. అవి పెట్రోలు ఇంజను గల వాహనాలు. 1979లో ఈ సంస్థ ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థతో డీజిల్ ఇంజనుల కోసం సాంకేతిక ఒప్పందం చేసుకుంది. పెట్రోలు కన్నా డీజిల్ ధర చాలాకాలం బాగా తక్కువగా ఉండేది. అందువల్ల పాత పెట్రోలు జీపులు, కార్లకు డీజిల్ ఇంజను వేయించడం దేశమంతటా సాధారణమైంది. 2010లో పెట్రోలుపై, 2014లో డీజిల్‌పై ధరల నియంత్రణను ప్రభుత్వం తొలగించిన తరువాత ఈ వ్యత్యాసం తగ్గింది.

1980వ దశకంలో జపాను సంస్థల సహకారంతో తేలికపాటి సరుకు వాహనాల తయారీ మొదలైంది. డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్ వీటిలో ముఖ్యమైనవి. వీటిలో ఆల్విన్ నిస్సాన్ తెలుగునాట పుట్టినది. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో ఈ వాహనాలను తయారుచేసేది. 1989లో ఇది మహీంద్రా చేతికి వచ్చింది. టాటా సంస్థ 1986లో 407 లారీని, 1988లో టాటామొబైల్ పికప్‌ను, 2005లో రెండు సిలిండర్ల 702 ఘన సెం.మీ. డీజిల్ ఇంజను గల ఏస్ వాహనాన్ని విడుదల చేసింది. తయారీ నిలిచిపోయిన నమూనాలకు అదే రకం ఇంజను దొరకడం కష్టం. ఈ కారణంగానే అనేక పాత వాహనాలలో వేరే రకం ఇంజనులు అమర్చారు.

ఇంజను మార్చవలసిన సందర్భాలు

ఇంజనులోని లోపాలన్నిటికీ మార్పిడి అవసరం లేదు. బోరు, పిస్టన్లు, రింగులు మాత్రమే అరిగినపుడు లేత్ వర్క్‌షాపులో రీబోరు చేయించడం, లేదా లైనర్లు మార్పించడం సరిపోతుంది. హెడ్డు గ్యాస్‌కెట్టు పోయినా ఇంజను మొత్తం మార్చనక్కరలేదు. ఈ కింది సందర్భాలలో మార్పిడి గురించి ఆలోచిస్తారు:

- బ్లాకు పగిలినపుడు
- కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును చీల్చినపుడు
- క్రాంక్ షాఫ్టు బాగుచేయడానికి వీలులేనంతగా అరిగినపుడు
- మరమ్మతు ఖర్చు మరొక ఇంజను ధరకు దగ్గరగా వచ్చినపుడు

కారణం తెలుసుకోకుండా ఇంజను మార్చితే కొత్తది కూడా త్వరగా చెడిపోతుంది. దక్షిణ రాయలసీమలో బోరునీరు చాలాచోట్ల కఠినజలం. దీనిని రేడియేటరులో పోస్తూ ఉంటే గొట్టాల లోపల సున్నపు పొర పేరుకుని నీటి ప్రవాహం తగ్గుతుంది. అటువంటి బండి చదును రోడ్డు మీద బాగానే నడిచినా, బరువుతో మొగిలి ఘాటు, భాకరాపేట ఘాటు వంటి ఎత్తైన దారులు ఎక్కేటపుడు వేడెక్కుతుంది. కనుక ఇంజనుతో పాటు రేడియేటరును శుభ్రం చేయించడం లేదా మార్చడం, కూలెంటు వాడడం అవసరం.

ఇంజను ఎంపిక

మార్పిడికి వాడే ఇంజనులు మూడు రకాలు: తయారీదారు నుండి వచ్చిన కొత్త ఇంజను, పాత బ్లాకులో అరిగిన భాగాలన్నీ మార్చి సిద్ధం చేసిన రీకండిషన్డ్ ఇంజను, తుక్కుకు పోయిన వాహనం నుండి తీసిన సెకండ్ హ్యాండ్ ఇంజను. విజయవాడ ఆటోనగర్, చెన్నైలోని పుదుపేట పాత విడిభాగాలకు పేరొందిన వ్యాపార కేంద్రాలు. సెకండ్ హ్యాండ్ ఇంజను కొనేటపుడు సంపీడనం (కంప్రెషన్) పరీక్షించడం, ఆయిలులో నీరు కలిసిందేమో చూడడం, బ్లాకుపై ఇంజను సంఖ్య చెరిపి మళ్ళీ కొట్టిన ఆనవాళ్ళు ఉన్నాయేమో గమనించడం ముఖ్యం. అమ్మకపు బిల్లు లేని ఇంజను దొంగిలించిన వాహనానిది కావచ్చు. అటువంటి దానిని రిజిస్ట్రేషను పత్రంలో ఎక్కించడం సాధ్యం కాదు.

అదే తయారీ, అదే రకం ఇంజను ఎంచుకుంటే మౌంటింగులు, గేర్‌బాక్సు, సైలెన్సరు గొట్టం, వైరింగు యథాతథంగా సరిపోతాయి. వేరే రకం ఇంజను ఎంచుకుంటే ప్రతి అమరిక మరొక మార్పును కోరుతుంది. మౌంటింగు బ్రాకెట్లు, బెల్ హౌసింగు కొత్తగా చేయించాలి. డీజిల్ ఇంజను తక్కువ వేగంలో ఎక్కువ టార్కు ఇస్తుంది కనుక గేర్‌బాక్సు, వెనుక ఇరుసు పళ్ళ నిష్పత్తి దానికి తగినవై ఉండాలి.

వీటిలో ప్రాణాపాయానికి దారితీసేది బ్రేకుల విషయం. పెట్రోలు ఇంజనులో ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుండి బ్రేకు బూస్టరుకు శూన్యపీడనం (వాక్యూమ్) అందుతుంది. డీజిల్ ఇంజనులో ఇది సహజంగా ఏర్పడదు. దానికి ప్రత్యేకంగా వాక్యూమ్ పంపు ఉండాలి. పంపు లేకుండా డీజిల్ ఇంజను అమర్చితే బ్రేకు పెడలు గట్టిపడి, నిండు బరువుతో ఘాటు దిగే బండిని ఆపడం కష్టమవుతుంది.

2010 తరువాతి వాహనాలలో కామన్ రైలు ఇంజనులు ఎక్కువ. వీటికి ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టె, సెన్సార్లు, వైరింగు ఇంజనుకు సరిపడేవి ఉండాలి. దేశమంతటా భారత్ స్టేజ్ 4 ప్రమాణాలు 2017 నుండి, భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు 2020 నుండి అమలులోకి వచ్చాయి. వాహనం ఏ ప్రమాణం కింద రిజిస్టరు అయిందో అంతకన్నా తక్కువ ప్రమాణం గల ఇంజను దానికి తగదు.

అమర్చే విధానం

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ఆయిలు, నీరు దించుతారు. బానెట్టు, రేడియేటరు తొలగించి, వైర్లకు, గొట్టాలకు గుర్తులు పెట్టి విడదీస్తారు. డీజిల్ గొట్టాల చివరలను దుమ్ము చేరకుండా మూసివేస్తారు. గేర్‌బాక్సు కింద జాకీ పెట్టి, బెల్ హౌసింగు బోల్టులు విప్పి, ఇంజనును చైన్ బ్లాకుతో పైకెత్తుతారు. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను బరువు 200 కిలోలకు పైగా ఉండవచ్చు. వేలాడుతున్న ఇంజను కిందకు ఎవరూ వెళ్ళరాదు.

ఇంజను బయట ఉన్నపుడే క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, క్రాంక్ వెనుక ఆయిల్ సీలు మార్చడం మంచిది. ఇవి తరువాత పాడైతే మళ్ళీ అంత పనీ చేయవలసి వస్తుంది. క్లచ్ ప్లేటును సరిగ్గా మధ్యకు తెచ్చి బిగించాలి. ఇంజను, గేర్‌బాక్సు అంచులు చేతితో కలిసే వరకు సర్దాలే తప్ప, బోల్టులతో లాగి కలపరాదు. అలా లాగితే గేర్‌బాక్సు షాఫ్టు, క్లచ్ ప్లేటు దెబ్బతింటాయి.

అమరిక పూర్తయ్యాక ఆయిలు, కూలెంటు నింపి, డీజిల్ గొట్టాలలోని గాలిని చేతి పంపుతో తీసివేస్తారు. డీజిల్ అందకుండా ఆపి, ఆయిలు పీడనం ఏర్పడే వరకు సెల్ఫ్‌తో ఇంజనును కొద్దికొద్దిగా తిప్పుతారు. ఆ తరువాతనే స్టార్టు చేస్తారు. తొలి రోజులలో పూర్తి బరువు వేయకుండా నడిపి, కారుడును, మౌంటింగు బోల్టులను మళ్ళీ పరిశీలించి, రీకండిషన్డ్ ఇంజనుకైతే తొలి ఆయిలును త్వరగా మార్చుతారు.

చట్టపరమైన నిబంధనలు

రిజిస్ట్రేషను పత్రంలో ఛాసీ సంఖ్యతో పాటు ఇంజను సంఖ్య కూడా ఉంటుంది. కనుక ఇంజను మార్పు వాహన గుర్తింపులో మార్పు. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ విభాగం దీనికి వర్తిస్తుంది.

- తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేటట్లు వాహనాన్ని మార్చరాదు.
- పదికి తక్కువ కాకుండా రవాణా వాహనాలు ఉన్న యజమానులు, రిజిస్ట్రేషను అధికారి ఆమోదం లేకుండానే అదే తయారీ, అదే రకం ఇంజను మార్చుకునేందుకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు.
- ఇలా ఆమోదం లేకుండా మార్చినపుడు 14 రోజుల లోపు రిజిస్ట్రేషను అధికారికి తెలియజేసి, పత్రాన్ని, రుసుమును సమర్పించాలి.
- వాయిదా కొనుగోలు ఒప్పందం కింద ఉన్న వాహనాన్ని రిజిస్టరు అయిన యజమాని లిఖితపూర్వక అంగీకారం లేకుండా మార్చరాదు.

రెండవ అంశంలోని వెసులుబాటు పెద్ద రవాణాదారులకే ఉపయోగపడుతుంది. ఒకటి రెండు బండ్లు ఉన్న చిన్న యజమాని ముందుగా ఆమోదం పొందవలసిందే. 2019 జనవరిలో కేరళకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు, తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీలులేదని తీర్పునిచ్చింది. అదే సంవత్సరం చట్టసవరణ ద్వారా మార్చిన 182ఎ విభాగం ప్రకారం, అనుమతించని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనాలకు ఏటా ఫిట్‌నెస్ ధృవపత్రం పునరుద్ధరించుకోవాలి. ఆ తనిఖీలో బ్లాకు మీది సంఖ్య పత్రంలోని సంఖ్యతో సరిపోలకపోతే పునరుద్ధరణ ఆగిపోవచ్చు. బీమా పాలసీలోనూ ఇంజను సంఖ్య ఉంటుంది కనుక మార్పును బీమా సంస్థకు కూడా తెలియజేయాలి. లేనిచో ప్రమాదం జరిగినపుడు పరిహారం విషయంలో వివాదం తలెత్తి, ఆ భారం యజమాని మీద పడే అవకాశం ఉంది. అందువల్ల పాత ఇంజను దించక ముందే ఆమోదం కోసం దరఖాస్తు చేసి, కొత్త ఇంజను బిల్లును, పాత ఇంజనును ఏమి చేసినదీ తెలిపే పత్రాలను వాహనపు కాగితాలతో పాటు భద్రపరచుకోవడం ఉత్తమం.