వేడికి తొలగిపోవు ధూళి

ఆముదపు దీపముపై పళ్లెము బోర్లించి కాటుక పట్టుట మన ఇండ్లలో చిరకాలముగా నున్న వాడుక. మసి పైకి పోవుచు పళ్లెమునకు తగులుననుట సగము సమాధానమే. తక్కిన సగము బయటపడిన కథ 1870వ సంవత్సరమున లండనులో మొదలైనది.

ఆ జనవరిలో రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు జాన్ టిండాల్ ధూళినిగూర్చి ఉపన్యసించెను. చీకటిగదిలో విద్యుద్దీపపు కాంతిపుంజము మన కంటికి కనబడుటకు గాలిలో తేలు ధూళియే కారణము. ఆ పుంజము క్రింద సారాదీపము నుంచగా, మంటపైనుండి నల్లని పొగవంటిది సుడులు తిరుగుచు లేచినది. అది పొగ కాదు, ధూళి లేని గాలి! కాంతిని మనవైపు చెదరగొట్టు కణములు లేకపోవుటచే అచ్చట చీకటి కనబడినది.

మంట ధూళిని కాల్చివేసినదని తోచుట సహజము. రోగబీజములు గాలిలో తేలుచున్నవా యను వాదము ముదురుచున్న కాలమది. ధూళి కాలినచో అది సేంద్రియపదార్థమే యనుటకు సాక్ష్యము దొరకినట్లే. కాని ధూళిని కాల్చుటకు చాలని వేడిగల వస్తువు నుంచినను చీకటి లేచుచునే యుండెను. వేడెక్కి తేలికయైన గాలి కణములను విడిచి పైకి పోవుచున్నదని టిండాల్ సరిపెట్టుకొనెను. ఈ సమాధానము నిలువలేదు.

1882లో రేలీ ప్రభువు ఆ ప్రయోగమును మరల చేసెను. చిక్కు విప్పిన ఘనత మాత్రము ముఖ్యముగా స్కాట్లండు దేశీయుడగు జాన్ ఐట్కెన్‌కు చెందవలెను. వేడితలము ధూళిని త్రోసివేయును, చల్లనితలముపై ధూళి చేరును అని ఆయన 1884లో చూపెను. వేడిగాలితో వెచ్చజేయు గదుల గోడలు త్వరగా మాయుటకును ఇదే కారణము. అచ్చట గాలికంటె గోడలు చల్లగా నుండును.

ఈ త్రోపు ఎక్కడిది? వేడివైపునుండి వచ్చు గాలి అణువులు కణమును వేగముగా తాకును. చల్లనివైపువి మెల్లగా తాకును. ఆ భేదముచే కణము చల్లదనమువైపు జరుగును. ఇది మిక్కిలి చిన్న కణముల మాట. కణము కొంత పెద్దదైనచో లెక్క మారును. ఉష్ణోగ్రత సమముగా లేని తలము వెంబడి వాయువు చల్లనిచోటినుండి వేడిచోటికి ప్రాకునని మాక్స్‌వెల్ 1879లోనే చెప్పియుండెను. వాయువు అటు ప్రాకగా కణము ఇటు జరుగును. దీని ఆధారముగా ఎప్‌స్టీన్ 1929లో ఆ బలమును గణించెను.

1974లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ప్రకటించిన కాంతితంతువుల తయారీపద్ధతిలో ఈ చలనమే పని చేయుచున్నది. గాజుగొట్టములో వేడి వాయువులు కలసి సన్నని గాజుమసి ఏర్పడును. అది మంటకు దూరముగానున్న చల్లని గోడపై, కాటుకవలెనే, పొరలుపొరలుగా పట్టును. పిమ్మట దానిని కరగించి గట్టి కడ్డీగా చేసి, వెండ్రుకంత సన్నముగా సాగదీయుదురు.