వీసా ఒకటే, గుమ్మాలు ఇరవై తొమ్మిది

యూరప్ ప్రయాణం పెట్టుకున్న ఏ ఇంట్లోనైనా వినపడే మాట ఒకటుంది: "వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలట!" ఇరవై తొమ్మిది దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు అలాంటి నిబంధన లేదు. దరఖాస్తు మాత్రం ఎక్కువ రోజులు ఉండే దేశానికో, ప్రయాణానికి అసలు కారణమైన దేశానికో పెట్టుకోవాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఫ్రాన్స్ వీసాతో రోమ్‌లో దిగడం తప్పు కాదు. అయితే హోటళ్లన్నీ ఇటలీలోనే ఉంటే, 'మరి ఫ్రాన్స్ వీసా ఎందుకు?' అని అక్కడి అధికారి అడగవచ్చు. మోసం చేసి తీసుకున్న వీసా అని తేలితే అక్కడికక్కడే రద్దు చేయనూవచ్చు. భయం అక్కడ పుట్టి రూలుగా చలామణీ అవుతోంది.

ఈ ఉమ్మడి వీసా మూలం పర్యాటకుల సౌకర్యంలో లేదు, లారీల క్యూలో ఉంది. 1984 మొదట్లో కస్టమ్స్ సిబ్బంది ఆందోళనతో సరిహద్దుల్లో నిలిచిపోయిన లారీ డ్రైవర్లు ఎదురుతిరిగి రోడ్లు దిగ్బంధించారు. ఆ జులైలోనే ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ తమ మధ్య తనిఖీలు తగ్గించుకోవడానికి ఒప్పుకున్నాయి. 1985 జూన్ 14న బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్‌లతో కలిసి, షెంగెన్ అనే లక్సెంబర్గ్ పల్లె దగ్గర మోజెల్ నదిలో ఒక పడవ మీద సంతకాలు చేశాయి.

లోపలి గేట్లు ఎత్తేస్తే బయటి గేటు దగ్గర కాపలా అందరిదీ అవుతుంది. ఆ లెక్కలన్నీ 1990 జూన్ 19 నాటి రెండో ఒప్పందంలో తేల్చుకున్నారు. అందరికీ చెల్లే వీసా అందులోదే. 1995 మార్చి 26న స్పెయిన్, పోర్చుగల్‌తో కలిపి ఏడు దేశాల మధ్య ఆ ఒప్పందం అమల్లోకి వచ్చింది.

స్విట్జర్లాండ్ మాత్రం 2008 డిసెంబరు దాకా బయటే ఉంది. అప్పటిదాకా పారిస్ చూసి, ఆల్ప్స్ మంచులో ఫొటోలు దిగి, మళ్లీ పారిస్‌లో విమానం ఎక్కాలనుకున్న మన పర్యాటకుడికి స్విస్ వీసా విడిగా కావలసి వచ్చేది. షెంగెన్ వీసా కూడా రెండు ఎంట్రీలదై ఉండాలి. స్విస్ గడప దాటితే షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్టే లెక్క మరి. ఇప్పుడు ఆ చిక్కు లండన్, డబ్లిన్, ఇస్తాంబుల్‌లకు మిగిలింది. స్టిక్కర్ మీద ఎంట్రీల గడిలో '01' ఉంటే, మధ్యలో లండన్ వెళ్లొచ్చినవారికి పారిస్‌లో మళ్లీ ప్రవేశం లేదు. తేదీలు ఎన్ని మిగిలినా సరే.

అన్నిటికన్నా తమాషా అయిన కథ 90 రోజుల పరిమితిది. మొదట 'తొలి ప్రవేశం నుంచి ఆరు నెలల్లో మూడు నెలలు' అని రాసుకున్నారు. తెలివైనవాడు ఒక రోజు వచ్చి వెళ్లిపోయి, ఆరు నెలల చివర్లో తిరిగొచ్చి మిగతా రోజులు వాడుకుని, కొత్త ఆరు నెలలు మొదలుకాగానే మరో మూడు నెలలు ఉండిపోవచ్చు. 2006 అక్టోబరులో నికొలాయ్ బోట్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం చదివినట్టు చదివితే ఆ సందు నిజంగానే ఉంది. దాన్ని పూడ్చడానికి ఏడేళ్లు పట్టింది. 2013 అక్టోబరు 18 నుంచి ఏ రోజు నిలబడి వెనక్కి చూసినా, గడిచిన 180 రోజుల్లో 90కి మించకూడదు. వచ్చిన రోజూ, వెళ్లిన రోజూ లెక్కలోకే.

2010 ఏప్రిల్ 5న వీసా నియమాలను ఒక్కచోట చేర్చిన వీసా కోడ్ అమల్లోకి వచ్చింది. అదే రోజు నుంచి దీర్ఘకాలం ఉండడానికిచ్చే డి వీసాదారులకూ పక్క దేశాల దారి తెరుచుకుంది. అంతకుముందు చదువుకని జర్మనీ వెళ్లిన మన పిల్లలు రెసిడెన్స్ పర్మిట్ చేతికొచ్చేదాకా మామూలుగా పారిస్ వెళ్లి రావడానికి వీలుండేది కాదు.

2015 నవంబరు నుంచి మన దేశంలో దరఖాస్తుదారుల వేలిముద్రలు తీసుకోవడం మొదలైంది. 2024 ఏప్రిల్‌లో భారతీయులకు ఒక సడలింపు దొరికింది: మూడేళ్లలో రెండు వీసాలు సక్రమంగా వాడినవారికి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ, ఆపైన ఐదేళ్లది. అదే ఏడాది జూన్‌లో ఫీజు 80 యూరోల నుంచి 90కి ఎక్కింది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడం ఏ ప్రభుత్వానికైనా అలవాటే!

నక్షత్రాల వలయంలో దేశం అక్షరాలు, లోపలికో బయటికో చూపే బాణం, మూలన చిన్న విమానమో రైలో ఉండే పాస్‌పోర్టు ముద్ర ఇన్నాళ్లూ రోజుల లెక్కకు సాక్ష్యం. 2025 అక్టోబరు 12 నుంచి దశలవారీగా దాని స్థానంలోకి ఈఈఎస్ అనే కంప్యూటర్ నమోదు వచ్చింది. ముద్ర అలుక్కుపోయిందనో, వెయ్యడం మరిచిపోయారనో చెప్పుకోవడానికి ఇక వీల్లేదు. తొంభై ఒకటో రోజును యంత్రమే పట్టేస్తుంది.