ఎంబారే బెంచీ

హరారే నగరానికి దక్షిణంగా ఉన్న ఎంబారే, జింబాబ్వేలో నల్లవారి కోసం వేసిన వాడల్లో బాగా పాతది. 1907లో దీన్ని వేసిన తెల్ల పాలకులకు కావలసింది పనివాళ్లు. వాళ్ల కాపురాలతో ప్రభుత్వానికి పనిలేదు. అందుకే తరవాతి దశాబ్దాల్లో ఇక్కడ లేచిన పెద్ద పెద్ద హాస్టళ్లు ఒంటరి మగవాళ్ల కోసం కట్టినవి. ఆడవాళ్లు పట్నంలో ఉండకుండా చట్టాలు అడ్డుపడేవి. అయినా వచ్చారు. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ హాస్టళ్లలోనే ఒక్కో గదిలో ఒక్కో సంసారం సర్దుకుంది.

పల్లె నుంచి వచ్చిన స్త్రీకి పట్నంలో దొరకనివారిలో మేనత్త ముఖ్యురాలు. ఇక్కడ షోనా భాష మాట్లాడే కుటుంబాల్లో తండ్రి తోడబుట్టిన ఆమెను ‘తేతే’ అంటారు. ఎదిగిన పిల్లకు పెళ్లి సంగతులు చెప్పడం, కాపురంలో తగువు వస్తే కూర్చోబెట్టి వినడం, ఇరువైపులా నచ్చజెప్పడం ఆమె పని. తెలుగు ఇళ్లలో మేనత్తకు లాంఛనాలు దక్కితే, షోనా ఇళ్లలో ఆమెకు సలహా చెప్పే అధికారం దక్కింది. ఇరుకు గదుల పట్నవాసంలో ఆ వరస పలచబడింది. మిగిలినవి నాటువైద్యం చేసే ‘న్యాంగా’ గడప, చర్చిలో ప్రార్థన. ప్రభుత్వం తరఫున ఉన్నది బులవాయోలో 1908లో తెరిచిన ఇంగుట్షేని పిచ్చాసుపత్రి. రాత్రుళ్లు నిద్రపట్టక, గుండెదడతో, రేపటి అద్దె గురించి బెంగపడే స్త్రీకి ఆ ఆసుపత్రితో సంబంధం లేదు.

అలాంటి స్త్రీలు ఎందరున్నారో లెక్క తీసే పని 1990ల్లో మొదలైంది. మెలనీ అబాస్, జెరెమీ బ్రాడ్‌హెడ్ అనే బ్రిటిష్ మనోవైద్యులు హరారేలోని ఒక టౌన్‌షిప్‌లో 172 మంది స్త్రీలతో మాట్లాడారు. గడిచిన ఏడాదిలో వారిలో సుమారు 30 శాతం మంది కుంగుబాటుకో ఆందోళనకో గురయ్యారని 1997లో ప్రకటించారు. మూలాలు వెతికితే భర్త పోవడమో వదిలేయడమో, పిల్లల జబ్బులో, చేతిలో డబ్బు ఆడకపోవడమో కనిపించాయి. అదే కాలంలో హరారేలో పనిచేసిన భారతీయ వైద్యుడు విక్రమ్ పటేల్ ప్రశ్నావళిని లండన్ నుంచి తెప్పించుకోలేదు. స్థానిక రోగులు, నాటువైద్యులు చెప్పే బాధల నుంచే 14 ప్రశ్నలు కూర్చారు. ఈ వారంలో ఆలోచనలు ఎక్కువయ్యాయా, చిన్నదానికే భయం వేసిందా, ఏడుపు వచ్చిందా, చనిపోవాలనిపించిందా అన్న తీరులో ఉండే ఈ ప్రశ్నలకు అవును, కాదు అంటే చాలు. రోగులు తరచు చెప్పే మాట ‘కుఫుంగిసిస’, అంటే అతిగా ఆలోచించడం. ఈ 14 ప్రశ్నలు ‘షోనా లక్షణాల ప్రశ్నావళి’ పేరుతో 1997లో వెలువడ్డాయి. అప్పటికే గోవాకు వచ్చి 1996లో ‘సంగాత్’ సంస్థ స్థాపనలో పాలుపంచుకున్న పటేల్, తరవాత అక్కడి ప్రాథమిక వైద్యశాలల్లో డాక్టర్లు కాని సలహాదారులతో పని చేయించారు.

ప్రశ్నలు సిద్ధమైనా అడిగేవాళ్లు లేరు. దేశం మొత్తానికి ఉన్న మనోవైద్యులు పదిమంది చిల్లర. ఇంతలో 2005 మే నెలలో రాబర్ట్ ముగాబే ప్రభుత్వం ‘మురంబట్స్‌వినా’ పేరుతో పట్నాల్లోని గుడిసెలు, సంత దుకాణాల మీదికి బుల్డోజర్లు పంపింది. ఐక్యరాజ్యసమితి ప్రతినిధి అన్నా తిబైజుకా లెక్కన 7 లక్షల మంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నారు. ఎంబారే మీద ఆ దెబ్బ గట్టిగానే పడింది. ఎయిడ్స్‌తో పెద్దదిక్కు పోయిన ఇళ్లు అప్పటికే వీధికి కొన్ని ఉన్నాయి.

ఆ రోజుల్లోనే మనోవైద్యుడు డిక్సన్ చిబాండా దగ్గర చికిత్స పొందుతున్న ఒక యువతి ఆత్మహత్య చేసుకుంది. ఆసుపత్రికి రావడానికి బస్సు ఛార్జీ లేక ఆగిపోయామని ఆమె తల్లి చెప్పింది. మరుసటి ఏడాది ఎంబారేలో ఏదైనా చేస్తానని ఆయన పై అధికారులను అడిగితే, నర్సులను ఇవ్వలేమన్నారు, గది కూడా ఖాళీ లేదన్నారు. ఇచ్చినది 14 మంది వృద్ధురాళ్లను. నగర ఆరోగ్యశాఖ తరఫున ఇల్లిల్లూ తిరిగి పారిశుద్ధ్యం, టీకాల గురించి చెప్పే పనిలో ఉన్న అమ్మమ్మలు వాళ్లు. గది లేదు కనుక క్లినిక్ ఆవరణలో, చెట్టు నీడన ఒక చెక్క బెంచీ వేశారు. ఈ పద్ధతి గురించి ఇప్పుడు ఎంత పొగిడినా, దాని పుట్టుక లేమిలోంచి వచ్చిందని మరిచిపోకూడదు.

మొదట పెట్టిన పేరులో మానసిక వ్యాధి ప్రస్తావన ఉండటంతో బెంచీ మీద కూర్చోడానికి ఎవరూ ముందుకు రాలేదు. పేరు మార్చమన్నది అమ్మమ్మలే. ‘స్నేహ బెంచీ’ అయ్యాక జనం వచ్చారు. వైద్యుల పుస్తకాల్లోని వ్యాధి పేర్లు పక్కనపెట్టి, వాడలో వినిపించే మాటలతోనే పని నడపాలని పట్టుబట్టినవారూ వాళ్లే. చికిత్సలోని మూడు మెట్లకు షోనా పేర్లు స్థిరపడ్డాయి: కువ్‌హూరా ప్ఫుంగ్వా (మనసు తెరవడం), కుసిముద్జిరా (లేవనెత్తడం), కుసింబిసా (బలపరచడం).

మనసు విప్పి మాట్లాడటంతోనే పని అయిపోదు. నర్సు 14 ప్రశ్నలు అడిగి పంపిన స్త్రీతో అమ్మమ్మ ముప్పావు గంటో, గంటో కూర్చుంటుంది. ఆమె చెప్పిన కష్టాలన్నీ విని, వాటిలో ముందు ఏది పట్టుకోవాలో ఆమెనే తేల్చమంటుంది. అద్దె బాకీ అనుకుందాం. ఎవరిని అడగాలి, ఏం అమ్మాలి, ఎప్పుడు వెళ్లాలి అన్నది ఇద్దరూ కలిసి చిన్న చిన్న పనులుగా విడగొడతారు. వచ్చే వారం ఏం జరిగిందో అడుగుతుంది. ఆరు విడతల్లో ఇది ముగుస్తుంది. చనిపోవాలన్న ఆలోచన బయటపడితే పైవారికి కబురు వెళ్తుంది. ‘సమస్యా పరిష్కార చికిత్స’గా పాశ్చాత్య వైద్యంలో ఎప్పటినుంచో ఉన్నదే ఇది. హరారేలో కొత్త సంగతి, దాన్ని వారం పైచిలుకు శిక్షణతో అమ్మమ్మల చేతికివ్వడం.

తొలి ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. వచ్చిన 320 మందిలో, మూడు నుంచి ఆరు విడతల తరవాత ఆ 14 ప్రశ్నల మీద సగటు స్కోరు 11.3 నుంచి 6.5కి దిగింది. పోల్చి చూసేందుకు వేరే బృందం లేదు కనుక దీన్ని రుజువు అనలేం. ఆ లోటును 24 క్లినిక్‌లలో 573 మందితో జరిపిన పరీక్ష తీర్చింది. 2016 డిసెంబరులో ‘జామా’ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో పాల్గొన్నవారిలో 86 శాతం స్త్రీలు. 40 శాతానికి పైగా హెచ్‌ఐవీ ఉన్నవారు. ఆరు నెలలకు బెంచీ దగ్గర కూర్చున్నవారి సగటు స్కోరు 3.81, మామూలు వైద్యమే మరికాస్త శ్రద్ధగా అందినవారిది 8.90. తరవాత హరారే, చిటుంగ్‌విజా, గ్వేరు పట్నాల్లో 70కి పైగా క్లినిక్‌లకు బెంచీలు చేరాయి.

బెంచీకి అనుబంధంగా ‘కుబటానా టోసే’ (అందరం చేయీ చేయీ కలపడం) అనే బృందాలు ఏర్పడ్డాయి. విడతలు అయ్యాక వలయంగా కూర్చుని మాట్లాడుకుంటూ, పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతారు. కబుర్లకు తోడు నాలుగు డబ్బులు వస్తాయి. పేదరికమే సగం దిగులైన చోట ఈ సంచుల్ని చికిత్స కింద లెక్కకట్టడం సబబే.

ఆ తరవాత బెంచీ మలావీకి, జాంజిబార్‌కు, న్యూయార్క్‌కూ వెళ్లింది. న్యూయార్క్‌లో అమ్మమ్మల స్థానంలో తామే వ్యసనాన్నో మానసిక వ్యాధినో దాటి వచ్చినవారు కూర్చున్నారు. 2022లో ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్ సందర్భంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 32 జట్ల పేర 32 బెంచీలు వేయించింది. ఇది ప్రచారానికి పనికొచ్చింది, చికిత్స కాదు. ఎంబారేలో మాత్రం మందులు అవసరమైన తీవ్ర వ్యాధులను అమ్మమ్మలు ఇప్పటికీ క్లినిక్‌కే పంపుతారు. అటునుంచి పెద్దాసుపత్రికి చేరే దారి నేటికీ ఇరుకుగానే ఉంది.