కాన్పు సమయంలో ముర్రుపాలు చేత్తో తీయడం: గల్ఫ్‌లో ఉన్న తల్లులు, ఊళ్లో ఉన్న ఇంటివాళ్లు తెలుసుకోవాల్సినవి

"పాలు ఇంకా పడలేదు, అందుకే డబ్బా పాలు పట్టేశాం." కాన్పు అయిన మొదటి రోజు ఊరి నుంచి గల్ఫ్‌లో ఉన్న భర్తకు వచ్చే ఫోన్లలో తరచుగా వినిపించే మాట ఇది. చాలాసార్లు పాలు ఉండనే ఉంటాయి. కాకపోతే అవి చుక్కల్లో ఉంటాయి, పసుపు రంగులో చిక్కగా ఉంటాయి. అవే ముర్రుపాలు. బిడ్డ నోరు పట్టకపోయినా, బిడ్డను వేరే వార్డులో పెట్టినా, ఆ చుక్కల్ని చేత్తో తీసి పట్టొచ్చు. మిషను అక్కర్లేదు, ఖర్చు లేదు. ఎప్పుడు తీయాలి, ఎలా తీయాలి, ఎవరు తీయకూడదు అన్నవి ఇక్కడ వివరంగా ఇస్తున్నాం.

ముర్రుపాలు ఎన్ని వస్తే చాలు?

గర్భం మధ్య నెలల నుంచే రొమ్ములో ముర్రుపాలు తయారవుతాయి. కాన్పయ్యి మాయ బయటకు వచ్చాక ఒంట్లో హార్మోన్లు మారతాయి. ఆ తర్వాత 2 నుంచి 4 రోజుల్లో పాలు దండిగా పడతాయి. ఆపరేషన్ కాన్పు అయినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, తొలిచూలు వాళ్లకు ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యం అవుతుంది. ఈలోపు బిడ్డకు ఆహారం ముర్రుపాలే.

బిడ్డ పొట్ట చాలా చిన్నది. మామూలుగా నెలలు నిండి పుట్టిన బిడ్డ ఒక్కోసారి తాగేది ఇంతే:
- మొదటి రోజు: 2 నుంచి 10 మి.లీ.
- రెండో రోజు: 5 నుంచి 15 మి.లీ.
- మూడో రోజు: 15 నుంచి 30 మి.లీ.

టీ చెంచా నిండా పోస్తే 5 మి.లీ. అంటే మొదటి రోజు అర చెంచా, చెంచా వచ్చినా అది తక్కువ కాదు. ముర్రుపాలలో రోగాలను ఆపే శక్తి ఎక్కువ. బిడ్డ మొదటి నల్లటి విరేచనం త్వరగా బయటకు పోవడానికీ సాయపడతాయి. "పసుపుగా ఉన్నాయి, మంచివి కావు" అని పిండి పారబోయడం కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉంది. అది మానుకోవాలి. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం కూడా పట్టకూడదు. ముఖ్యంగా తేనె వల్ల ఏడాది లోపు పిల్లలకు ప్రాణం మీదికొచ్చే జబ్బు రావచ్చు.

కాన్పుకు ముందే తీయొచ్చా?

కొందరు తీయొచ్చు. గర్భంలో షుగర్ ఉన్నవాళ్ల బిడ్డలకు పుట్టగానే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంటుంది. మన దక్షిణాసియా ఆడవాళ్లలో ఈ షుగర్ ఎక్కువగా కనిపిస్తుంది కూడా. అలాంటప్పుడు ముందే తీసి దాచిన ముర్రుపాలు అక్కరకొస్తాయి. ఆస్ట్రేలియాలో షుగర్ తప్ప వేరే ప్రమాదం లేని 600 మందికి పైగా గర్భిణులతో చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 36 వారాల నుంచి రోజుకు రెండుసార్లు పాలు తీయమని అందులో కొందరికి చెప్పారు. దానివల్ల బిడ్డలకు హాని పెరగలేదని తేలింది. కవలలు ఉన్నవాళ్లకు, బిడ్డకు పెదవి లేదా అంగుడు చీలిక ఉందని స్కానింగ్‌లో తెలిసినవాళ్లకు కూడా డాక్టర్లు ఒక్కోసారి ఇది చెప్తారు.

కానీ డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టకండి. 36 వారాల లోపు వద్దు. కింద చెప్పినవి ఉంటే అసలే వద్దు:
- ముందు కాన్పు నెలలు నిండకుండా అయినవాళ్లు, ఇప్పుడు ఆ భయం ఉన్నవాళ్లు
- గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినవాళ్లు
- మాయ కిందికి ఉన్నవాళ్లు, రక్తస్రావం అయినవాళ్లు

కారణం ఏమిటంటే, చనుమొనను కదిలించినప్పుడు ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. పాలు బయటకు నెట్టేదీ అదే, గర్భసంచిని బిగించేదీ అదే. తీస్తుంటే పొట్ట బిగుసుకున్నా నొప్పి వచ్చినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి. ఇక కాన్పుకు ముందు ఒక్క చుక్క కూడా రాకపోతే దిగులు పడొద్దు. తర్వాత పాలు పడవని దానికి అర్థం కాదు.

నొప్పుల సమయంలో

నొప్పులు మొదలయ్యాక సొంతంగా పాలు తీయడానికి ప్రయత్నించకండి. ముఖ్యంగా నొప్పుల కోసం డ్రిప్ పెట్టినప్పుడు గర్భసంచి మరీ ఎక్కువగా బిగుసుకుంటే బిడ్డకు ఇబ్బంది. నర్సు దగ్గరుండి చెయ్యమంటేనే చెయ్యాలి. ఆ సమయంలో మీరు చేయాల్సింది ఒకటే: "బిడ్డ పుట్టగానే నా గుండెల మీద పడుకోబెట్టండి, వేరే పాలు పట్టేముందు నన్ను అడగండి" అని ముందే చెప్పి ఉంచడం. భాష రాకపోతే ఇంగ్లీషులోనో అరబిక్‌లోనో తెలిసినవాళ్లతో ఒక కాగితం మీద రాయించి ఫైల్లో పెట్టుకోండి.

పుట్టిన తర్వాత మొదటి గంటలు

మొదటి గంటలోపే రొమ్ము పట్టించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆపరేషన్ అయినా, తల్లి తెలివిలో ఉంటే ఇది కుదురుతుంది. బిడ్డను వేరే వార్డుకు తీసుకెళ్తే మాత్రం వెంటనే చేత్తో తీయడం మొదలుపెట్టాలి. గంటలోపు అయితే మంచిది, ఆరు గంటలు దాటనివ్వొద్దు. ఆ తర్వాత 24 గంటల్లో 8 నుంచి 10 సార్లు తీయాలి, రాత్రి కనీసం ఒకసారి. ఎంత తరచుగా తీస్తే పాలు అంత బాగా పడతాయి.

చేత్తో తీసే పద్ధతి

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. గోళ్లు చిన్నగా ఉండాలి. ఉడికించిన చెంచా లేదా చిన్న గిన్నె దగ్గర పెట్టుకోండి.
2. ఒళ్లు వదులు చేసుకుని కూర్చోండి. గోరువెచ్చని గుడ్డ రొమ్ము మీద కాసేపు పెట్టి, మెల్లగా నిమరండి. బిడ్డ పక్కనుంటే చూస్తూ, లేకపోతే ఫోటో చూస్తూ తీస్తే సులువు.
3. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద పెట్టండి. చనుమొనకు 2, 3 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మొననే పట్టి లాగొద్దు.
4. వేళ్లను ముందు ఛాతీ వైపు నొక్కండి. తర్వాత రెండు వైపుల నుంచీ కలిపి నొక్కండి. వదలండి. నొక్కి, వదిలి, మళ్లీ నొక్కి... ఇలా ఒకే లయలో చెయ్యండి. చర్మం మీద వేళ్లు జారనివ్వకండి.
5. ఒకటి రెండు నిమిషాల దాకా ఏమీ రాకపోవచ్చు. చుక్కలు తగ్గాక వేళ్లను కాస్త పక్కకు జరపండి, తర్వాత రెండో రొమ్ము. మొత్తం 10 నుంచి 20 నిమిషాలు చాలు. కాన్పుకు ముందైతే 10 నిమిషాలు మించొద్దు.

నొప్పి పుట్టకూడదు. పుడితే వేళ్ల చోటు మార్చండి. మొదటి రెండు రోజులు మిషను కంటే చెయ్యే మేలు. చిక్కటి చుక్కలు మిషను గొట్టాలకే అంటుకుపోతాయి. పాలు దండిగా పడ్డాక మిషను వాడుకోవచ్చు.

తీసిన పాలు ఎలా పట్టాలి?

మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె దీనికి బాగా పనికొస్తుంది. చాలా ఆసుపత్రుల్లో ఇప్పటికీ అలాంటి గిన్నెతోనే పడతారు. వాడిన ప్రతిసారీ కడిగి నీళ్లలో మరిగించాలి. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు తల పైకి ఉండేలా పట్టుకుని, అంచును కింది పెదవికి ఆనించండి. బిడ్డే నాలుకతో తీసుకోవాలి, గొంతులో పోయకండి. నెలలు నిండని బిడ్డ అయితే నర్సు చెప్పినట్టే చెయ్యాలి.

ఎంతసేపు నిలవుంటాయి?

- ఏసీ గదిలో (25 డిగ్రీల లోపు): 4 గంటలు
- ఫ్రిజ్‌లో (4 డిగ్రీలు): 4 రోజులు
- డీప్ ఫ్రీజర్‌లో: 6 నెలల లోపు వాడితే మంచిది
- ఐస్ ప్యాక్‌లు పెట్టిన మూత డబ్బాలో: 24 గంటలు
- కరిగించినవి ఫ్రిజ్‌లో: 24 గంటలు, మళ్లీ గడ్డ కట్టించకూడదు
- బిడ్డ తాగి వదిలేసినవి: 2 గంటల్లోపు వాడాలి, లేదా పారబోయాలి

ఎండాకాలం ఊళ్లో కరెంటు పోయే ఇంట్లో అయితే ఈ లెక్కలు పనిచెయ్యవు. తీసిన వెంటనే పట్టెయ్యాలి. గల్ఫ్‌లో పదిమంది వాడే ఫ్రిజ్ అయితే మూత డబ్బాను ఇంకో డబ్బాలో పెట్టి, పేరు, తేదీ, టైము రాసి, లోపలి వైపు పెట్టండి. తలుపు అరలో వద్దు. పాలను పొయ్యి మీద గానీ మైక్రోవేవ్‌లో గానీ కాచకూడదు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో డబ్బాను ఉంచితే సరిపోతుంది.

దూరంగా ఉన్న భర్త ఏం చెయ్యాలి?

ఇంటికి పాలపొడి డబ్బాలు పంపడం ప్రేమగా చేసేదే. కానీ డబ్బా ఇంట్లో ఉంటే మొదటి రోజే అది తెరుస్తారు. ఆ పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము తక్కువ పట్టుకుంటాడు, దాంతో తల్లికి పాలూ తగ్గుతాయి. దాని బదులు ఫోన్‌లో "పాలు పడ్డాయా?" అని అడగడం మాని, "ఎన్నిసార్లు తీశావు? నీకు తిండి, నిద్ర ఉన్నాయా?" అని అడగండి. అత్తగారితో, అమ్మతో మీరే మాట్లాడి, ముర్రుపాలు పారబోయొద్దని చెప్పండి. బిడ్డకు చక్కెర పడిపోయి డాక్టరే వేరే పాలు పట్టమంటే పట్టాలి. అందులో తప్పేం లేదు, చేత్తో తీయడం మాత్రం ఆపకూడదు. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు కూడా ఉంది.

గల్ఫ్‌లో చట్టం ఏమిస్తుంది?

ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్లకు:
- యూఏఈ: 60 రోజుల సెలవు (45 పూర్తి జీతం, 15 సగం జీతం). ఆరు నెలల దాకా రోజుకు గంట పాల విరామం.
- కువైట్: 70 రోజులు పూర్తి జీతంతో. రోజుకు 2 గంటల విరామం.
- ఖతార్: ఏడాది సర్వీసు నిండితే 50 రోజులు. ఏడాది పాటు రోజుకు గంట.
- ఒమన్: 2023 చట్టం ప్రకారం 98 రోజులు. రోజుకు గంట విరామం.
- సౌదీ: 2025లో వచ్చిన మార్పు తర్వాత 12 వారాలు.

పాల విరామంలో పాలు తీసుకుని దాచుకోవచ్చు. ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఈ లేబర్ చట్టాలు వర్తించవు. వాళ్లకు వేరే చట్టాలు ఉన్నాయి. కాబట్టి కాంట్రాక్టులో ఏం రాశారన్నది ముఖ్యం. గర్భం అని తెలిసిన వెంటనే ఇండియన్ ఎంబసీ లేబర్ విభాగాన్ని అడగండి. ఫిర్యాదు ఉంటే భారత ప్రభుత్వ మదద్ పోర్టల్‌లో పెట్టొచ్చు.

బిడ్డను ఊళ్లో వదిలి కాంట్రాక్టుకు తిరిగి వెళ్లక తప్పనివాళ్లు పాలు ఒక్కసారిగా ఆపకండి. రెండు మూడు వారాల ముందు నుంచి ఒక్కో పూట తగ్గించండి. వెళ్లాక రొమ్ములు బరువెక్కితే, నొప్పి తగ్గేంత వరకే చేత్తో తీయండి. మొత్తం తీస్తే మళ్లీ పాలు పడతాయి.

వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి

- బిడ్డ లేపినా లేవకపోవడం, పాలు తీసుకోకపోవడం, వణుకు, జ్వరం, ఒళ్లు చల్లబడటం
- మొదటి రోజు ఒక్కసారైనా, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు మూత్రం పోయకపోవడం. అయిదో రోజు నుంచి ఆరుసార్ల కన్నా తగ్గడం
- కళ్లు, ఒళ్లు పచ్చబడటం
- తల్లికి జ్వరం, రొమ్ము ఎర్రబడి గట్టిపడటం

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, రోజూ మందులు వాడేవాళ్లు బిడ్డకు పాలిచ్చే విషయం కాన్పుకు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. మిగతావాళ్లంతా ఆసుపత్రి సంచి సర్దుకునేటప్పుడు బట్టలతో పాటు ఒక ఉగ్గుగిన్నె, రెండు చెంచాలు, మూత గట్టిగా ఉండే చిన్న డబ్బా, పేరు రాయడానికి పెన్ను పెట్టుకోండి.