బంతి – బొక్కసం

మా నేరేడ్‌మెట్‌కు చేరువలోని అమ్ముగూడ వాస్తవ్యుడు తులసీదాస్ బలరాం 1956, 1960 ఒలింపిక్స్‌లో భారతదేశం పక్షాన ఫుట్‌బాల్ ఆడారు. ఆ తరం అభిమానులు గోల్సు లెక్కించేవారే గాని క్లబ్బు పద్దులు అడిగేవారు కారు. నేటి అభిమాని పద్దులూ అడుగుతున్నాడు. ఈ మార్పు ఎలా వచ్చింది?

1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆటగాళ్ళకు పోలీసు నౌకరీయే ఆధారం. ఆ జట్టును అమ్మేవారూ లేరు, కొనేవారూ లేరు.

ఆటకు డబ్బు పుచ్చుకోరాదన్నది నాటి నియమం. అయినా కలకత్తా మైదానంలో లోపాయికారీ చెల్లింపులు బహిరంగ రహస్యమే. క్లబ్బులు మారే ఋతువులో ప్రత్యర్థులు తన్నుకుపోకుండా ఆటగాళ్ళను దాచిపెట్టేవారు. అభిమానులు దానిని నేరంగా గాక, రుక్మిణీ కల్యాణ ఘట్టంలా రసవత్తరంగా చెప్పుకునేవారు.

ఇక మన కాలపు కథ. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. మరుసటి ఏటికే జీతాల బకాయిలు రచ్చకెక్కాయి. కొత్త ఆటగాళ్ళను చేర్చుకోరాదని ఫిఫా ఆంక్ష విధించింది. ఉన్నవారు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో 22 ఆటలకు ఒక్కటే గెలిచి జట్టు అట్టడుగున మిగిలింది. 2024లో యాజమాన్యం మారింది, 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరు సైతం మార్చుకుంది.

నాడు చాటుగా సొమ్ము ఇవ్వడం నియమభంగం. నేడు ఒప్పుకున్న సొమ్ము ఇవ్వకపోవడం నియమభంగం. మొదటిదానివల్ల అభిమాని పోగొట్టుకున్నదేమీ లేదు, కనుక నవ్వి ఊరుకున్నాడు. రెండవదానివల్ల ఊరి జట్టే పోయింది.

అంతమాత్రాన అభిమాని ధర్మరాజు అయ్యాడని అనుకోరాదు. ఇంగ్లండులో నష్టాల పరిమితి దాటినందుకు 2023 నవంబరులో ఎవర్టన్ క్లబ్బుకు 10 పాయింట్లు కోత పడగా, అప్పీలులో అది 6కు తగ్గింది. ఆ క్లబ్బు అభిమానులు లీగుపైనే నిరసన జెండాలెత్తారు. తనవాడి తప్పు తప్పుగా తోచకపోవడం లోకసహజం.

పాతకాలమే మేలని నేననను. నేటి ఆటగాడి చేతిలో ఒప్పందపత్రం ఉంది. బకాయి కోసం ఫిఫా దాకా వెళ్ళగలడు. అభిమానికి మాత్రం అటువంటి పత్రమేదీ లేదు. జట్టు ఊరు విడిచిపోతుంటే అతడు ఏ గడప తొక్కాలి? విజ్ఞులు చెప్పగలరు.