పొయ్యి మీది అటక

చలి దేశాల ఇళ్ళలో గోడలోనే పొయ్యి కట్టి, దాని పైన ఒక చెక్క పలక బిగిస్తారు. మ్యాంటెల్ అంటారు దాన్ని. గడియారం, ఫోటోలు పెట్టుకుంటారు. ఎవరికి వారే కొలతలు తీసుకుని ఇంట్లో చేసుకోవడం వాళ్ళకొక ముచ్చట. మన గూడేల్లో, తండాల్లో కూడా పొయ్యి మీద కర్ర ఉంది. అది అలంకారం కాదు, అటక. దాని కథ వెతికితే అడవి మీద మన హక్కు కథ బయటపడుతుంది.

ఈ సీమలో పొయ్యి వయసు చాలా పెద్దది. పాణ్యం నుంచి రైలుదారిన పడమటికి పోతే బేతంచెర్ల. అక్కడి సున్నపురాతి కొండల్లో ముచ్చట్ల చింతమాను గవి ఉంది. పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి తవ్వకాల్లో ఆ గవిలో ఒక పాతరాతియుగపు పొయ్యి బయటపడింది. కాలిన మట్టిని పరీక్షించి, అది సుమారు 17,000 ఏళ్ళ నాటిదని తేల్చారు. ఊరు, రాజు, పట్టా ఏవీ లేని కాలం అది. మట్టి కాలింది కాబట్టి నిలిచింది. కర్ర అలా నిలవదు. ఆ పొయ్యి పైన ఏం కట్టుకున్నారో, ఏం వేలాడదీశారో చెప్పే ఆనవాలు మిగల్లేదు.

మన పెద్దలు కట్టిన అటకకు మాత్రం లెక్క ఉంది. నాలుగు పంగల గుంజలు పాతి, రెండు వాసాలు వేసి, చీల్చిన వెదురు బద్దలను నారతో బిగిస్తారు. మంట అంటకూడదు, ఇంటి ఆడమనిషి చెయ్యి చాస్తే అందాలి. ఎత్తుకు అదే కొలత. నిప్పురవ్వలు పట్టకుండా కింది వైపు మట్టి, పేడ కలిపి మెత్తుతారు. వెదురు ముదురుది కావాలి, వానలు వెళ్ళాక కొయ్యాలి. లేత గడలో పిండిపదార్థం ఎక్కువ, పురుగు తొలిచేస్తుంది. పొగ పట్టిన కొద్దీ బద్దలు నల్లబడి గట్టిపడతాయి. జొన్న కంకులు, సొరబుర్రలో దాచిన విత్తనాలు, ఇప్పపువ్వు అన్నీ ఆ పొగలోనే పురుగు పట్టకుండా ఉంటాయి. పై ఏటి పంట ఆ అటక మీదే ఉండేది.

1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. నల్లమలలో కర్నూలు జిల్లా భాగం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ చట్టం వెదురును 'చెట్టు' అన్న మాటలో కలిపేసింది. వెదురు గడ్డి జాతి అని అడవిలో పెరిగిన పిల్లవాడికి కూడా తెలుసు. చట్టం చెట్టన్నాక, రిజర్వు అడవిలో దాన్ని నరకడం నేరమైంది. ఇంటి అవసరానికి కోసుకోనిచ్చినా అది అధికారి దయే తప్ప మన హక్కు కాదు. అటకకు నాలుగు గడలు తెచ్చుకునేవాడు దొంగలా నడవాల్సి వచ్చింది.

ఈ తప్పు దిద్దడానికి 124 ఏళ్ళు పట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. తరతరాలుగా సేకరిస్తున్నవారికే వాటిపై యాజమాన్య హక్కు ఉందని ఒప్పుకుంది.

ఇప్పుడు కాలనీ ఇళ్ళకు స్లాబు పడింది, గ్యాస్ వచ్చింది. ఆడవాళ్ళ కళ్ళకు, ఊపిరికి పొగ బాధ తగ్గితే మంచిదే. అటక పోయిందని ఏడవక్కర్లేదు. దాంతోపాటు వెదురు ఎక్కడ కోశామో, ఎప్పుడు కోశామో, ఎందుకు కోశామో అన్న ఎరుక పోతేనే నష్టం. ఎందుకంటే ఆ చట్టం నియమాల ప్రకారం హక్కు అడిగేవాళ్ళు సాక్ష్యం చూపాలి. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అది కూడా సాక్ష్యమే.

గవిలోని పొయ్యిని మట్టి కాపాడింది. మన అటకను కాపాడేది కాగితమే. గ్రామసభ కూర్చున్నప్పుడు అటక కట్టిన చేతులను అడగండి. ఏ కొండ, ఏ వాగు, ఏ పొద నుంచి గడలు తెచ్చారో పేర్లతో సహా రాయండి. ఆ పెద్దలు ఉన్నప్పుడే రాయండి.